తిరిగిరాని విమానాల లెక్క

అల్లూరులో ఒక బడిలో లెక్కల మీద మాట్లాడి ముగిస్తుండగా వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. తొమ్మిదో తరగతి, ఇసకపల్లి నుంచి రోజూ బస్సులో వస్తుందట. అంతకుముందే పిల్లలకు ఒక బొమ్మ చూపించాను. ఫోన్లలో అందరికీ తిరుగుతున్న బొమ్మే అది. పైనుంచి చూసినట్టుగా ఒక విమానం, రెక్కల మీదా తోక మీదా నడుం మీదా గుంపులు గుంపులుగా ఎర్ర చుక్కలు, ఇంజన్ల దగ్గర మాత్రం ఖాళీ. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు వేసి తిరిగొచ్చిన విమానాలకు ఎక్కడెక్కడ గుండ్లు తగిలాయో ఆ చుక్కలు చెబుతాయి. చుక్కలు ఎక్కువున్నచోట ఉక్కురేకు బిగిద్దామని సైనికాధికారులు అనుకుంటే, చుక్కలు లేనిచోట బిగించండని ఒక గణాంకవేత్త అన్నాడని కథ. అక్కడ తగిలిన విమానాలు రాలేదు కాబట్టే అక్కడ చుక్కలు లేవు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈ అమ్మాయి కొట్టలేదు.

"వచ్చినవాటి మీద చిల్లులు లెక్కబెట్టారు, సరే సార్. రానివాటి మీద చిల్లులు ఎవురు లెక్కబెట్టారు?"

ఈ కథ చెప్పేవాళ్లందరూ దాటేసే ప్రశ్న ఇదే. "అక్కడ తగిలితే పడిపోతాయి" అనడం తెలివైన ఊహ. ఊహకు ఉక్కు బిగించరు. ఎంత శాతం పడిపోతాయి, ఎన్ని దెబ్బలకు పడిపోతాయి అన్నది చెప్పగలగాలి. సముద్రం అడుగున ఉన్న విమానం మీద చిల్లులు లెక్కపెట్టకుండానే లెక్క తేల్చాలి. తేల్చారు కూడా. ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం. కూడికలు, తీసివేతలు, శాతాలు వస్తే చాలు.

నాలుగు ఇంజన్లు, ఎనిమిది మంది

మన తీరానికి ఆ యుద్ధం ఎక్కడో జరిగిన సంగతి కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో జపాను నౌకాదళం సుమారు 20 సరుకు ఓడలను ముంచింది. మద్రాసులో జనం మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కారు. రెండేళ్లు తిరిగేసరికి గాలి మళ్లింది. 1944లో మద్రాసు శివార్లలోని సెయింట్ థామస్ మౌంట్ విమానాశ్రయంలో బ్రిటిష్ వాయుసేన 200వ స్క్వాడ్రన్ లిబరేటర్ విమానాలతో దిగి, బంగాళాఖాతం మీద జలాంతర్గాముల కోసం గస్తీ తిరగడం మొదలుపెట్టింది. బెంగాలులోని సల్బనీ, ధూబాలియా లాంటి స్థావరాల నుంచి ఇవే విమానాలు బర్మా మీద బాంబులు వేసి వచ్చేవి.

లిబరేటర్ అంటే నాలుగు ఇంజన్ల భారీ బాంబరు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 110 అడుగులు. అమెరికా 18 వేలకు పైగా తయారుచేసింది. అమెరికన్లు పది మందితో నడిపేవాళ్లు, బ్రిటిష్ వాళ్లు సాధారణంగా ఎనిమిది మందితో. పైలట్, దారి లెక్కగట్టే నావిగేటర్, బాంబులు వదిలేవాడు, వైర్‌లెస్ చూసేవాడు, ముందూ వెనకా పక్కలా తుపాకుల దగ్గర కూర్చునేవాళ్లు. ఐరోపాలో రాత్రిదాడులు చేసిన లాంకాస్టర్‌లో ఏడుగురు. చాలామంది ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు.

ఈ విమానాల ఒళ్లంతా పలచని అల్యూమినియం రేకు. రెక్కల నిండా పెట్రోలు. కడుపులో బాంబులు. ఉక్కురేకు బిగిస్తే తూటా ఆగుతుంది, కానీ ప్రతి కిలో ఉక్కుకూ ఒక కిలో పెట్రోలో బాంబో దించాలి. ఒళ్లంతా ఉక్కు తొడిగితే విమానం నేల వదలదు. అందుకే "ఎక్కడ" అనే ప్రశ్న అంత ముఖ్యమైంది.

నూటికి నాలుగు

బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో ఒక సిబ్బందికి మొదటి విడత సేవ అంటే 30 దాడులు. అవి పూర్తయితే కొంతకాలం నేల మీద పని. యుద్ధం ముదిరిన రోజుల్లో దాడికి వెళ్లిన నూరు విమానాల్లో నాలుగు తిరిగిరాకపోవడం మామూలు. మర్నాడు పత్రికల్లో "96 శాతం క్షేమం" అని రాసుకోవచ్చు.

ఈ అంకె దగ్గర ఇద్దరు రెండు రకాలుగా పొరబడతారు. ఒకాయన "నాలుగు శాతమేగా" అంటాడు. ఇంకొకాయన 4ను 30తో గుణించి 120 తెచ్చి, ఒక్కడూ మిగలడంటాడు. అసలు జరిగేది ఇది. మొదటి రాత్రి నూరుగురిలో 96 మంది వస్తారు. రెండో రాత్రి ఆ 96 మందిలో నూటికి నాలుగు చొప్పున పోగా 92. మూడో రాత్రికి 88. పోయేది ఎప్పుడూ మిగిలినవారిలోంచే. ఇలా పది దాడులకు 66 మంది, ఇరవైకి 44 మంది, ముప్పైకి 29 మంది మిగులుతారు. నూటికి డెబ్భై మంది మొదటి విడత దాటరు.

అదే నష్టం నాలుగు నుంచి రెండు శాతానికి దిగితే? ముప్పై దాడుల తర్వాత 55 మంది ఉంటారు. అంటే రోజువారీ లెక్కలో కంటికి ఆనని రెండు శాతం తేడా, విడత చివర నూటికి 26 మంది. గణితం చదివినవాళ్లను తెచ్చి వాయుసేన కార్యాలయాల్లో కూర్చోబెట్టడానికి కారణం ఇదే.

నాలుగు శాతం సగటు మాత్రమే. 1943 అక్టోబరు 14న జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ బేరింగుల ఫ్యాక్టరీల మీదికి వెళ్లిన 291 అమెరికన్ బాంబర్లలో 60 రాలేదు. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ మీదికి వెళ్లిన 795 బ్రిటిష్ విమానాల్లో 95 రాలేదు. యుద్ధం మొత్తం మీద బాంబర్ కమాండ్‌లో విమానమెక్కిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. నూటికి 44. శవం కూడా దొరకని 20 వేలకు పైగా వాయుసైనికుల పేర్లు ఇంగ్లండులోని రన్నీమీడ్ స్మారకం మీద ఉన్నాయి. మన వైపు ఆకాశంలో గల్లంతైన కామన్‌వెల్త్ వాయుసైనికుల పేర్లు సింగపూర్ స్మారకం గోడల మీద ఉన్నాయి. బాంబులు పడిన ఊళ్లలో చచ్చిన సామాన్యుల సంఖ్య వీటన్నిటికంటే చాలా పెద్దది. ఈ అధ్యాయం విమానాల లెక్క గురించి కాబట్టి దాంట్లోకి పోవడం లేదు గానీ, ఆ సంగతి మరిచి ఈ లెక్క చదవడం సరికాదు.

బొమ్మలో లేని వాల్డ్

కథలోని గణాంకవేత్త నిజంగా ఉన్నాడు. పేరు అబ్రహాం వాల్డ్. 1902లో అప్పటి హంగరీలోని క్లుజ్ పట్టణంలో యూదు కుటుంబంలో పుట్టాడు. వియన్నాలో గణితం చదివాడు. 1938లో ఆస్ట్రియా నాజీల చేతిలోకి పోగానే అమెరికా చేరాడు. వెనక మిగిలిన కుటుంబంలో దాదాపు అందరూ నాజీల చేతుల్లో చనిపోయారు. న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో యుద్ధావసరాల కోసం ఏర్పాటైన గణాంక పరిశోధన బృందంలో పనిచేశాడు. తర్వాత ఆర్థికశాస్త్రంలో నోబెల్ తెచ్చుకున్న మిల్టన్ ఫ్రీడ్‌మన్ కూడా ఆ బృందంలోనివాడే.

1943లో వాల్డ్ ఈ విషయం మీద వరసగా ఎనిమిది నివేదికలు రాశాడు. తిరిగొచ్చిన విమానాల గాయాలను బట్టి విమానం ఎక్కడ ఎంత బలహీనమో అంచనా కట్టే పద్ధతి అని వాటి శీర్షిక చెబుతుంది. చాలాకాలం రహస్యంగా ఉండి, 1980లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. చదవబోతే పేజీల కొద్దీ సమీకరణాలు. అధికారులతో వాదన లేదు, నాటకీయమైన మాట ఒక్కటీ లేదు, ఎర్ర చుక్కల బొమ్మ అసలే లేదు. ఆ బొమ్మ మన కాలంలో ఎవరో ఊహించి గీసింది. నాకు ఆ బొమ్మ మీద కోపం లేదు, విషయం చప్పున ఎక్కిస్తుంది. కాకపోతే వాల్డ్ గొప్పతనాన్ని అది తక్కువ చేసి చూపిస్తుంది. "రానివాటిని మరవకండి" అని చెప్పడానికి గణితవేత్త అక్కర్లేదు. ఆ సంగతి ఇసకపల్లిలో ఎవరినడిగినా చెబుతారు. వాయుగుండంలో చిక్కుకుని ఒడ్డుకొచ్చిన పడవలన్నిటికీ అంచులు చెక్కుకుపోయి, ఒక్కదానికీ అడుగు పగలకపోతే, సముద్రం అడుగు జోలికి పోదని ఏ బెస్తవాడూ అనుకోడు. అడుగు పగిలిన పడవ ఒడ్డుకు రాదని అతనికి తెలుసు. వాల్డ్ చేసింది ఆ తర్వాతి పని. రాని పడవలకు ఎన్ని దెబ్బలు తగిలాయో, ఒడ్డున ఉన్నవాటిని చూసి అంకెల్లో చెప్పాడు.

వచ్చినవాటిని మాత్రమే చూసి అందరి గురించీ తీర్పు చెప్పేయడాన్ని ఇంగ్లీషులో సర్వైవర్‌షిప్ బయాస్ అంటున్నారు. మనం "మిగిలినవాటి మొగ్గు" అందాం.

1950లో వాల్డ్ భారత ప్రభుత్వ ఆహ్వానం మీద ఉపన్యాసాలివ్వడానికి మన దేశం వచ్చాడు. ఆ డిసెంబరు 13న ఆయనా భార్య లూసిలూ ఎక్కిన ఎయిరిండియా విమానం నీలగిరి కొండల్లో కూలిపోయింది. వయసు 48.

ఇరవై విమానాలు, ముప్పై రెండు చిల్లులు

వాల్డ్ నివేదికల్లో పద్ధతి చూపించడానికి తీసుకున్న ఒక ఉదాహరణ ఉంది. కాగితం పెన్నూ దగ్గర పెట్టుకుంటే మంచిది.

400 విమానాలు దాడికి వెళ్లాయి. 380 తిరిగొచ్చాయి. వచ్చినవాటిలో 320కి ఒక్క చిల్లూ లేదు. 32 విమానాలకు ఒక్కో చిల్లు, 20 విమానాలకు రెండేసి, 4కు మూడేసి, 2కు నాలుగేసి, ఇంకో 2కు ఐదేసి. మిగిలిన 20 రాలేదు. వాటి గురించి మన దగ్గరున్న సమాచారం అంతే, రాలేదని.

వాల్డ్ రెండు సంగతులు ముందే ఒప్పుకోమన్నాడు. ఒకటి, దెబ్బ తగలని విమానం ఊరికే కూలిపోదు. రెండు, మొదటి దెబ్బకు పడిపోయే అవకాశం ఎంతో, రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ అంతే. ఈ రెండూ ఒప్పుకుంటే, రాని 20 విమానాలకూ కనీసం ఒక్కో దెబ్బ తగిలింది. వచ్చినవాటిలో దెబ్బ తిన్నవి 60. మొత్తం 80 విమానాలు మొదటి దెబ్బ తిన్నాయి.

ఇప్పుడొక అంకె ఊహిద్దాం. ఒక్కో దెబ్బకు నూటికి పది విమానాలు పడిపోతాయనుకోండి. మొదటి దెబ్బకు 80లో 8 పడ్డాయి, 72 ఎగురుతున్నాయి. వాటిలో 32 ఆ ఒక్క చిల్లుతోనే ఇంటికొచ్చాయి. కాబట్టి తక్కిన 40 రెండో దెబ్బ తిన్నాయి. 4 పడ్డాయి, 36 మిగిలాయి. 20 రెండు చిల్లులతో ఇంటికొచ్చాయి, 16 మూడో దెబ్బ తిన్నాయి. ఇలా దిగుతూ పోతే ఐదో దెబ్బ తిన్న తర్వాత కూడా ఆరేడు విమానాలు ఆకాశంలో ఉంటాయి. కానీ ఐదు చిల్లులతో వచ్చినవి రెండే. మిగతా నాలుగైదు ఎక్కడికి పోయినట్టు? లెక్క పొసగలేదు. పది శాతం తక్కువ.

ఇరవై శాతం అనుకుందాం. 80లో 16 పడ్డాయి, 64 మిగిలాయి. 32 వచ్చాయి, 32 రెండో దెబ్బ తిన్నాయి. ఆరున్నర దాకా పడ్డాయి, 25 పైచిలుకు మిగిలాయి. (సగం విమానం ఏమిటని అడక్కండి, ఇవి సగటులు.) అందులో 20 వచ్చాయి, ఐదారు మూడో దెబ్బ తిన్నాయి. ఒకటి పడింది, నాలుగున్నర మిగిలాయి, 4 వచ్చేశాయి. నాలుగో దెబ్బకు అర విమానం కూడా మిగల్లేదు. నాలుగు చిల్లులతో 2, ఐదు చిల్లులతో 2 నిజంగా వచ్చాయి కదా! ఇరవై శాతం ఎక్కువ.

పదిహేను దగ్గర ప్రయత్నిస్తే సరిపోతుంది. మొదటి దెబ్బకు 80లో 12 పడ్డాయి. 68లో 32 వచ్చాయి, 36 రెండో దెబ్బ తిన్నాయి. అందులో ఐదున్నర దాకా పడ్డాయి. 20 వచ్చాక సుమారు 11 మూడో దెబ్బ తిన్నాయి, ఒకటిన్నర పడ్డాయి. 4 వచ్చాక 5 నాలుగో దెబ్బ తిన్నాయి, ఒకటికి కాస్త తక్కువ పడింది. 2 వచ్చాక రెండు పైచిలుకు ఐదో దెబ్బ తిన్నాయి. చివరికి 2 ఐదు చిల్లులతో వచ్చాయి. పడినవన్నీ కూడితే 20. వాల్డ్ సమీకరణంతో తెచ్చిన జవాబు కూడా ఇదే, నూటికి 15కు వెంట్రుకవాసి తక్కువ.

ఇప్పుడు ఇసకపల్లి అమ్మాయి ప్రశ్న. తగిలిన దెబ్బలన్నీ కూడదాం. మొదటివి 80, రెండోవి 36, మూడోవి 11, నాలుగోవి 5, ఐదోవి 2. మొత్తం 134. తిరిగొచ్చిన విమానాల మీద చిల్లులు నిజంగా లెక్కపెడితే, ఒక్కోటి 32, రెండేసి 40, మూడేసి 12, నాలుగేసి 8, ఐదేసి 10, అన్నీ కలిపి 102. తేడా 32. ఆ 32 చిల్లులూ కంటికి కనపడని 20 విమానాల మీద ఉన్నాయి. ఎవరూ వాటిని చూడలేదు, చూసే వీలూ లేదు. అయినా లెక్కకొచ్చాయి.

ఎక్కడ ఉన్నాయన్నది ఆఖరి మెట్టు. నేల మీది నుంచి కాల్చే ఫిరంగికి ఇంజను మీద గురిపెట్టడం చేతకాదు, దాని గుండు పేలి ముక్కలు ఎక్కడ తగిలితే అక్కడ తగులుతాయి. కాబట్టి విమానం ఒంట్లో ఏ భాగం ఎంత చోటు ఆక్రమిస్తే, దెబ్బల్లో దానికి అంత వాటా రావాలి. ఇక్కడి నుంచి అంకెలు నావి. ఇంజన్లు పావు వంతు చోటు తీసుకుంటాయనుకుందాం. 134 దెబ్బల్లో వాటికి 33 రావాలి. తిరిగొచ్చినవాటి మీద వెతికితే ఇంజన్ల దగ్గర 15 చిల్లులే కనపడ్డాయి. తక్కిన 18 ఎక్కడున్నాయి? రాని విమానాల మీద ఉన్న 32లో ఇవి 18. ఇక ఉక్కురేకు ఎక్కడ బిగించాలో వాదన అక్కర్లేదు.

కింది నుంచి కాల్చిన తుపాకి

అదే కాలంలో ఇంగ్లండులో బాంబర్ కమాండ్ పరిశోధన విభాగంలో 19 ఏళ్ల కుర్రాడొకడు చేరాడు. తర్వాత పెద్ద భౌతికశాస్త్రవేత్తగా పేరుపొందిన ఫ్రీమన్ డైసన్. కొత్తగా వచ్చిన సిబ్బందికి అధికారులు ఒక ధైర్యం చెప్పేవాళ్లు. మొదటి ఐదారు దాడులే గండం, అవి గడిస్తే అనుభవం మిమ్మల్ని కాపాడుతుంది అని. ముప్పై దాడులు ముగించినవాళ్లు కూడా అదే అనేవాళ్లు. డైసన్ రికార్డులు తీసి చూస్తే, ఇరవై ఐదో దాడికి వెళ్లినవాడు పోయే అవకాశం కొత్తవాడికంటే తగ్గినట్టు కనపడలేదు. ముప్పై ముగించినవాడు "నా అనుభవం నన్ను కాపాడింది" అంటాడు, నమ్మకంగా. అంతే అనుభవం ఉండి ఇరవై తొమ్మిదో రాత్రి పోయినవాడు వచ్చి కాదనడు.

అనుభవం ఎందుకు పనికిరాలేదో తెలియడానికి చాలా కాలం పట్టింది. 1943 నుంచి జర్మన్ రాత్రి విమానాల వీపున తుపాకులు ఆకాశం వైపు ఏటవాలుగా బిగించారు. ఆ విమానం చీకట్లో లాంకాస్టర్ పొట్ట కిందికి చేరి, రెక్కలోని పెట్రోలు ట్యాంకుల్లోకి కాల్చేది. లాంకాస్టర్లలో చాలావాటికి పొట్ట కింద తుపాకి లేదు, కిందికి చూసే కిటికీ లేదు. శత్రువును చూసి తప్పుకునే నేర్పు ఎంతున్నా కిందనున్నవాణ్ణి చూస్తేగా! చుట్టుపక్కల విమానాల వాళ్లకు ఒక పెద్ద మంట కనపడేది. జర్మన్లు బాంబరు పేలినట్టు కనపడే ఉత్తుత్తి గుండ్లు పేల్చి భయపెడుతున్నారని సిబ్బందిలో ఒక నమ్మకం పుట్టింది. వాటికి దిష్టిబొమ్మ గుండ్లని పేరు కూడా పెట్టారు. అలాంటి గుండ్లు జర్మన్ల దగ్గర లేవు. ఆ మంటలు నిజం విమానాలవి.

డైసన్ చెప్పిన ఇంకో లెక్క నన్ను ఎక్కువ కలవరపెట్టింది. కూలిన విమానంలోంచి పారాచూట్‌తో దూకి బతికినవాళ్లు ఎందరు? పగటిపూట ఎగిరే అమెరికన్ బాంబర్లలో సగం మంది. బ్రిటిష్ హాలిఫాక్స్‌లో నూటికి 25. లాంకాస్టర్‌లో 15. హాలిఫాక్స్ పాతది, నెమ్మది, అందరూ లాంకాస్టర్‌నే గొప్పదనేవారు. ఎగిరినంతసేపూ అది గొప్పదే. కానీ దూకడానికున్న దాని తలుపు వెడల్పు 22 అంగుళాలు, హాలిఫాక్స్‌ది 24. చలికి దళసరి బట్టలు, పైన పారాచూట్ మూట, కింద మండుతూ గిరికీలు కొడుతున్న విమానం. ఆ రెండు అంగుళాల్లో ఇరుక్కున్నవాడు ఫిర్యాదు రాయలేడు.  తలుపు వెడల్పు చేయించాలని డైసన్ సహోద్యోగి ఒకాయన పోరాడి ఒప్పించేసరికి యుద్ధం చివరికొచ్చింది.

గూడూరులో చదివిన పిల్లవాడు

మిగిలినవాటి మొగ్గును విమానాలకే కాక దేనికైనా వర్తించే సిద్ధాంతంగా మలిచినవారిలో ముఖ్యుడు మనవాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సి.ఆర్. రావు. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, చిన్న తరగతులు నెల్లూరు సీమలోని గూడూరులో, తర్వాత నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. అయ్యాక, యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగంలో గణితవేత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంటే కలకత్తా వెళ్లాడు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒకరి ద్వారా మహలనోబిస్ నడిపే భారత గణాంక సంస్థ గురించి విని 1941 జనవరిలో అందులో చేరాడు. వచ్చి ఉంటే ఆ సైన్యపు ఉద్యోగం ఎన్ని సూత్రాలను మింగేసేదో! 2023లో, 102 ఏళ్ల వయసులో, కన్నుమూశాడు.

రావు ఉపన్యాసాల్లో ఒక చిన్న పరీక్ష పెట్టేవాడు. గదిలోని మగవాళ్లందరినీ మీ ఇంట్లో మీతో కలిపి అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్లెందరు అని అడగడం. మొత్తం కూడితే ఎప్పుడూ మగవాళ్లే బాగా ఎక్కువ తేలతారు. కారణం చిన్న ఉదాహరణతో చూద్దాం. ఇద్దరేసి పిల్లలున్న నాలుగు ఇళ్లు. ఒకదాంట్లో ఇద్దరూ మగపిల్లలు, రెండిళ్లలో ఒక మగ, ఒక ఆడ, నాలుగో ఇంట్లో ఇద్దరూ ఆడపిల్లలు. నిజానికి నలుగురు మగ, నలుగురు ఆడ. ఇప్పుడు మగపిల్లలను మాత్రమే అడగండి. మొదటి ఇంటి నుంచి ఇద్దరొచ్చి ఒక్కొక్కరు "ఇద్దరం మగ" అంటారు, అంటే నాలుగు మగ. తర్వాతి రెండిళ్ల నుంచి రెండు మగ, రెండు ఆడ. నాలుగో ఇంటి నుంచి చెప్పేవాడు లేడు. మొత్తం ఆరు మగ, రెండు ఆడ!

రావు ఇచ్చిన మందు సులువైనది. జవాబిచ్చినవాళ్లు ఎంతమందో అంతమందిని మగవాళ్ల లెక్కలోంచి తీసేయండి. ఆరులోంచి నాలుగు తీస్తే రెండు. రెండు మగ, రెండు ఆడ. సమానం. మీ ఊరి మగపిల్లల కాలేజీలో చేసి చూడండి, పెద్ద గది అయితే ఫలితం చక్కగా వస్తుంది.

ఇందులో దాగిన సూత్రాన్ని రావు 1965లో ఒక పరిశోధన వ్యాసంలో బయటపెట్టాడు. బీజం 1934లో బ్రిటిష్ గణాంకవేత్త ఆర్.ఎ. ఫిషర్ వేసింది. ఏ వస్తువుకైనా మన కంటబడే అవకాశం ఎంతో ముందు తేల్చుకోవాలి. ఎక్కువ మగపిల్లలున్న ఇల్లు ఎక్కువసార్లు కంటబడుతుంది. ఎక్కువ దెబ్బలు తిన్న విమానం తక్కువసార్లు కంటబడుతుంది. ఆ అవకాశాన్ని ఒక తూనికగా తీసుకుని, కంటబడ్డ అంకెను దాంతో సరిచేస్తే అసలు చిత్రం తిరిగొస్తుంది. వాల్డ్ 15 శాతాన్ని పట్టుకోవడమూ ఈ తూనికను పట్టుకోవడమే. రావు, మరో శాస్త్రవేత్త పాటిల్ కలిసి మొరాకో దేశపు ఉదాహరణ ఒకటి చూపించారు. హోటళ్లలో పర్యాటకులను మీరెన్ని రోజులుంటారని అడిగితే సగటు 17.8 రోజులొచ్చింది. దేశం విడిచిపోయేవాళ్లను సరిహద్దులో అడిగితే 9 రోజులు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. నెల రోజులుండేవాడు హోటల్లో సర్వేవాళ్ల కంటబడే అవకాశం, మూడు రోజులుండేవాడికంటే పది రెట్లు. సరిహద్దు మాత్రం ఎవరైనా ఒక్కసారే దాటతారు.

మేఘం కూల్చిన విమానాలు

వాల్డ్ మొదటి షరతు గుర్తుందా? దెబ్బ తగలని విమానం ఊరికే కూలదన్నాడు. జర్మనీ మీద అది కొంతవరకు చెల్లింది. అక్కడ కూడా బాంబర్ కమాండ్ మృతుల్లో ఎనిమిది వేలకు పైగా శత్రువు ముఖం చూడకుండా శిక్షణలోనూ ప్రమాదాల్లోనూ పోయినవాళ్లే. బంగాళాఖాతం మీద ఈ షరతు ఇంకా కష్టం. 1945 జూలై 26న ఒరిస్సాలోని అమర్దా రోడ్ స్థావరం దగ్గర వరస కట్టి ఎగరడం సాధన చేస్తూ రెండు లిబరేటర్లు ఢీకొన్నాయి. 14 మంది పోయారు, ఒక్క తూటా పేలకుండా. 1944 ఆగస్టు 10న బర్మా సరిహద్దు నుంచి కలకత్తా వైపు వస్తున్న 615వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు 16 రుతుపవనాల మేఘంలో చిక్కుకున్నాయి. ఎనిమిది కూలాయి, నలుగురు పైలట్లు చనిపోయారు. అవి బాంబర్లు కావు, కానీ ఆ మేఘానికి బాంబరైనా ఒకటే. ఆగస్టులో ఉరుముల మేఘం లోపల గాలి పైకీ కిందికీ చీల్చే వేగానికి నాలుగు ఇంజన్ల విమానం రెక్కలు కూడా నిలవకపోవచ్చు.

మరి వాల్డ్ ఉదాహరణలో రాని 20 విమానాల్లో ఐదింటిని మేఘమే కూల్చిందనుకోండి. అవి దెబ్బ తిన్నవి కావు. అప్పుడు మొదటి దెబ్బ తిన్నవి 80 కాదు, 75. మళ్లీ పై లెక్క మెట్టుమెట్టుగా దిగండి. పదిహేను శాతం ఇప్పుడు పొసగదు, 12 దగ్గర సరిపోతుంది. ఐదు విమానాల సంగతి తెలియకపోవడం వల్ల మనం విమానాన్ని ఉన్నదానికంటే బలహీనమనుకుని అక్కర్లేని ఉక్కు మోయించేవాళ్లం. ఇక్కడ పనికొచ్చేది ప్రతి స్క్వాడ్రన్‌లో ఉండే రోజువారీ రికార్డు పుస్తకం. విమానం నంబరు, సిబ్బంది పేర్లు, లేచిన వేళ, దిగిన వేళ, దారిలో వాతావరణం, రాకపోతే చివరిసారి ఎవరికి ఎక్కడ కనపడింది. లెక్క గట్టేవాడు ముందు ఆ పుస్తకం తిరగేసి, మేఘం పద్దులో వేయాల్సినవి మేఘానికి, శత్రువు పద్దులో వేయాల్సినవి శత్రువుకు వేస్తాడు. ఎటూ తేలనివి మిగిలితే రెండు విధాలా లెక్క గట్టి, జవాబు 12కూ 15కూ మధ్య ఉందని రాస్తాడు.